ఆ నవలలే మా చెల్లిని ఇలా చేశాయా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న 26 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేసి ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

అమ్మానాన్నలు గుంటూరు దగ్గర ఒక పట్నంలో ఉంటారు. నాన్నగారికి ఎరువులు, పురుగుమందుల దుకాణం. చెల్లికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. హాస్టల్లో ఉండలేనని ఏడిస్తే ఫస్టియర్ అయ్యాక ఇంటికి తీసుకొచ్చి డే స్కాలర్‌గా చేర్చారు. చిన్నప్పటి నుంచి ఆ అమ్మాయికి పుస్తకాలంటే ప్రాణం. అక్క ప్రతి పుట్టినరోజుకీ ఇంగ్లిష్ నవలలు కొనిస్తుంది. ఈమధ్య చెల్లి అడిగేవన్నీ ఒకే రకం: డిప్రెషన్‌లో ఉన్న టీనేజ్ పిల్లలు, వాళ్ల మధ్య ప్రేమ, చాలావాటిలో చివర ఎవరో ఒకరి చావు.

రెండు నెలలుగా చెల్లి సరిగా నిద్రపోవడం లేదు. అన్నం దగ్గరికి రాదు, వచ్చినా కెలికి లేచిపోతుంది. బొమ్మలు వేయడం మానేసింది. అమ్మ ఏదైనా అడిగితే విరుచుకుపడుతుంది. దసరాకి ఇంటికి వెళ్లిన అక్కకి ఒక రాత్రి అసలు సంగతి చెప్పింది. కాలేజీలో ఒక అబ్బాయి ఉన్నాడు. అతనూ బాగా దిగులుగా ఉంటాడు. "నువ్వొక్కదానివే నన్ను బతికిస్తున్నావు, ఈ విషయం ఎవరికైనా చెబితే నేనుండను" అన్నాడట. అందుకే తెల్లవారుజామున రెండింటిదాకా, మూడింటిదాకా ఫోన్లో అతనికి కాపలా కాస్తోంది. ఎవరికీ చెప్పనని అక్క చేత ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత అక్క చెల్లి నోటు పుస్తకం చూసింది. "నేను లేకపోతే అందరికీ హాయి" అని రాసి ఉంది.

ఈలోగా అమ్మ ఆ నవలల్లో కొన్ని పేజీలు చదివి హడలిపోయింది. అన్నీ మూటగట్టి పాత పేపర్లవాడికి వేసేస్తానని కూర్చుంది. "నువ్వు కొనిచ్చిన పుస్తకాలే దాని బుర్ర పాడు చేశాయి" అని పెద్దమ్మాయిని తిడుతోంది. నాన్నకి అబ్బాయి సంగతి తెలిస్తే చదువు మాన్పించి సంబంధాలు చూస్తాడని అక్క భయం. ఆమె అడుగుతున్నవి మూడు. పుస్తకాల వల్లే ఇలా అయిందా? ఒట్టు తప్పి అమ్మానాన్నలకి చెప్పాలా? ఆ అబ్బాయి విషయం ఏం చేయాలి?

మీ మూడు ప్రశ్నలకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ జవాబు చదివిన రోజే మీ చెల్లితో మాట్లాడండి. నోటు పుస్తకంలోని ఆ మాట గురించి సూటిగా అడగండి. "నువ్వు రాసింది చూశాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు? ఎప్పుడెప్పుడు అనిపిస్తోంది? ఎలా చేయాలని కూడా ఆలోచించావా?" ఇలాగే, ఈ మాటలతోనే. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లందరికీ భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని మానసిక వైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఇంతకాలం ఒంటరిగా మోస్తున్న మాటని ఎవరో పేరు పెట్టి అడిగారన్నదే చాలామంది పిల్లలకి పెద్ద ఊరట. "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి ఎవరైనా లేవనే అంటారు. ఫోన్లో అడిగేటట్టయితే ఇంట్లో అమ్మ ఉన్న సమయం చూసి అడగండి.

అనిపిస్తోందని ఆమె ఒప్పుకుంటే, ఇక ఒట్టు గురించి ఆలోచించే సమయం కాదు. ఆ రాత్రి ఆమె ఒంటరిగా పడుకోకూడదు. అమ్మ పక్కన ఉండాలి. ఇంట్లోని మాత్రలు తాళం వేసి పెట్టించండి. నాన్నగారి దుకాణం సరుకు డబ్బా కూడా ఇంట్లో ఉండకూడదు, షాపు తాళాలు ఆమెకి అందకూడదు. ఇది ఆమె మీద అనుమానంతో చెప్పడం లేదు. ఇలాంటి ఉధృతి చాలామందిలో కొన్ని గంటలపాటే ఉంటుంది, ఆ గంటల్లో చేతికి ఏమీ దొరకకపోతే ప్రాణం నిలుస్తుంది. 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలి మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరు బెంగళూరు నుంచి చేసినా సలహా ఇస్తారు. ఆలోచన దాటి ఏర్పాట్లదాకా వచ్చిందని తెలిస్తే, అప్పటికప్పుడు దగ్గర్లోని ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

ఒకవేళ లేదు అన్నా, మీరు రాసిన లక్షణాలు డాక్టరు చూడాల్సినవే. నిద్ర చెడటం, తిండి తగ్గడం, ఇష్టమైన బొమ్మలు వదిలేయడం, తాను పనికిరాననుకోవడం. ఇవి రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువసేపు ఉంటే డాక్టర్లు డిప్రెషన్ ఉందేమో పరీక్షిస్తారు. మీ ఇంట్లో రెండు నెలలైంది. అమ్మగారు పొగరు అనుకుంటున్న ఆ విరుచుకుపడటం కూడా అందులో భాగం కావచ్చు. ఈ వయసులో డిప్రెషన్ ఏడుపుగా కంటే చిరాకుగా, కోపంగా బయటికి రావడం మామూలే.

ఇక పుస్తకాలు. దీని మీద కాస్త వివరంగా రాయాలి. ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా వాటి చుట్టూ తిరుగుతోంది, మీరు కూడా లోపల ఎక్కడో ఆ నేరం మీదేనని నమ్ముతున్నారు.

అమ్మగారి భయం చాలా పాతది. 1774లో జర్మన్ రచయిత గోథే ఒక నవల రాశాడు. ప్రేమ దక్కక ప్రాణం తీసుకునే వెర్తర్ అనే యువకుడి కథ. కుర్రవాళ్లు అతనిలా బట్టలు వేసుకున్నారు, అతనిలాగే చనిపోతున్నారన్న భయంతో లైప్‌జిగ్ నగరంలో ఆ పుస్తకాన్ని నిషేధించారు. ఆత్మహత్య వార్తలు చూసి ఇంకొందరు ప్రభావితం కావడాన్ని ఇప్పటికీ వెర్తర్ పేరుతోనే పిలుస్తారు. మన కాలానికి వస్తే, ఒక అమెరికన్ టీనేజ్ నవల ఆధారంగా 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సీరియల్‌లో ఒక అమ్మాయి చావుని పూర్తిగా చూపించారు. దాని మీద పెద్ద దుమారం రేగింది. ఆ సీరియల్ వచ్చిన నెలలో అమెరికాలో టీనేజ్ పిల్లల ఆత్మహత్యలు పెరిగాయని ఒక పరిశోధన చెప్పింది, అవే అంకెలను మళ్లీ లెక్కగట్టిన ఇంకో పరిశోధన ఆ పెరుగుదలని సీరియల్‌కి అంటగట్టలేమంది. తగువు తేలకపోయినా, నిపుణుల సలహా మీద 2019లో ఆ దృశ్యాన్ని తీసేశారు. కాబట్టి అమ్మగారిది చాదస్తమని కొట్టిపారేయకండి. చావుని వివరంగా, అందంగా చూపించే కథలు అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లకి మంచివి కావు.

అయితే కథలు చేసే పని ఇదొక్కటే కాదు. మొజార్ట్ 1791లో కూర్చిన సంగీత నాటకంలో పాపగేనో అనే పాత్ర ఉంది, పిట్టలు పట్టేవాడు. ప్రేమించిన అమ్మాయి దక్కదనుకుని చనిపోబోతాడు. ముగ్గురు పిల్లలు వచ్చి, వేరే దారి ఉందని గుర్తు చేస్తారు. అతను ఆగుతాడు. అలాంటి స్థితి దాకా వెళ్లి తట్టుకుని నిలబడ్డవాళ్ల కథలు పత్రికల్లో వచ్చినప్పుడు ఆత్మహత్యలు తగ్గడం కనిపించిందని 2010లో ఆస్ట్రియా పరిశోధకులు ప్రచురించారు. ఆ ప్రభావానికి పాపగేనో పేరే పెట్టారు. అంటే డిప్రెషన్ గురించి రాశారా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. ఆ కథలో మనిషి ఎవరిని సాయం అడిగాడు, ఎలా గట్టెక్కాడు, చావుని గొప్పగా చూపించారా అన్నది చూడాలి.

మీ చెల్లి నవలల వల్ల ఇలా అయిందని నేను అనుకోవడం లేదు. మీ ఉత్తరంలోనే ఉంది చూడండి: హాస్టల్లో ఉండలేనని ఆమె ఏడ్చింది, ఆ తర్వాతే ఈ రకం పుస్తకాలు అడగడం మొదలుపెట్టింది. నాకు అర్థమైనంతవరకు, తనకేం జరుగుతోందో చెప్పుకోవడానికి ఇంట్లో దొరకని మాటలు ఆమెకి ఆ పుస్తకాల్లో దొరికాయి. ఆ పేజీల్లో ఎవరికో తనలాగే ఉంది. మీతో ఆ రాత్రి అంత స్పష్టంగా చెప్పగలగడానికి ఆ చదువు కూడా సాయపడి ఉండొచ్చు.

నన్ను కలవరపెట్టేది ఈ నవలల్లోని దిగులు కాదు. చాలావాటిలో ప్రేమకి అప్పజెప్పే పని. ఒకరికి డిప్రెషన్ ఉంటుంది, ఇంకొకరు ప్రేమిస్తారు, ఆ ప్రేమే మందవుతుంది. పెద్దవాళ్లు ఉండీ లేనట్టే ఉంటారు. డాక్టరు వస్తే మనసు తెలియని మనిషిగా వచ్చి వెళ్లిపోతాడు. రహస్యం దాచడమే ప్రేమకి గుర్తు. అబ్బాయి బతక్కపోతే, అమ్మాయి ఇంకాస్త ప్రేమించి ఉంటే బతికేవాడేమో అన్న అనుమానం పాఠకుల మనసులో మిగిలిపోతుంది. మనకు కూడా ఇది కొత్త కాదు. 1953లో వచ్చిన దేవదాసుని తరతరాలుగా గుండెల్లో పెట్టుకున్నాం. అతనికి చికిత్స కావాలని మనలో ఎంతమందికి తోచింది? ప్రేమ దక్కని మనిషి అలా కరిగిపోవడమే గొప్ప ప్రేమ అనుకున్నాం. మీ చెల్లి ఇప్పుడు ఆ నమ్మకంతోనే తెల్లవారుజాముదాకా మేలుకుంటోంది.

మరి పుస్తకాలు ఏం చేయాలి? అమ్మగారు మూట అమ్మేయొచ్చు. ఆమెకి ఆ పూటకి మనశ్శాంతి. చెల్లికి మాత్రం, తన మనసు తెలిసిన ఒకే ఒక్క చోటు పోయినట్టుంటుంది, పైగా అవే కథలు ఫోన్లో దొరుకుతాయి, అప్పుడు ఎవరికీ కనబడకుండా చదువుతుంది. అన్నీ అలాగే వదిలేయడం ఇంకో దారి. అదీ నాకు నచ్చదు, ఆమె ఇప్పుడున్న స్థితిలో చావు వర్ణనలు ఉన్నవాటిని మళ్లీ మళ్లీ చదవడం మంచిది కాదు. మూడోది మీరే చదవడం. ఆమె గీతలు గీసుకున్న పేజీలు ఆమెనే చూపించమనండి. "ఇక్కడ ఎందుకు గీశావు?" అని అడిగి, చెప్పింది విని ఊరుకోండి, వెంటనే సలహా ఇవ్వకండి. తర్వాత "ఈ రెండు మూడు కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకోనా, నువ్వు తేలికపడ్డాక మళ్లీ ఇస్తాను" అని ఆమె ఒప్పుకోలుతో తీసుకోండి. ఇలా చేస్తే మీకు సమయం పడుతుంది, అమ్మగారితో మళ్లీ గొడవ పడాల్సి రావచ్చు. అయినా నాకైతే ఇదే మంచిదనిపిస్తోంది.

వేరే రకం పుస్తకం కావాలంటే, జాన్ గ్రీన్ 2017లో రాసిన "టర్టిల్స్ ఆల్ ది వే డౌన్" అక్కాచెల్లెళ్లు కలిసి చదవొచ్చు. అందులో అమ్మాయికి ఉన్నది డిప్రెషన్ కాదు, వదలని ఆలోచనల జబ్బు, ఓసీడీ. ఆ జబ్బుతో తానూ బతుకుతున్నానని రచయిత బయటే చెప్పుకున్నాడు. అందులో ప్రేమ ఉంది, కానీ ప్రేమ వల్ల జబ్బు తగ్గదు. డాక్టరు, మాత్రలు, తల్లి, ఓపిక తగ్గినా మళ్లీ వచ్చే స్నేహితురాలు, వీళ్లంతా ఉంటారు. అయితే మధ్యలో ఆ అమ్మాయి తనని తాను బాధపెట్టుకునే ఘట్టాలు ఉన్నాయి, కాబట్టి ముందు మీరు చదివి, ఆమె కాస్త కుదుటపడ్డాకే ఇవ్వండి.

ఇక ఆ అబ్బాయి. అతను మోసగాడనో, బెదిరించి లొంగదీసుకుంటున్నాడనో తీర్మానించేయకండి. అతనూ అదే వయసు పిల్లాడు, అతనికీ నిజంగానే బాగాలేకపోవచ్చు. కానీ "ఎవరికైనా చెబితే నేనుండను" అన్న మాట పదిహేడేళ్ల పిల్ల మోయగలిగింది కాదు. ఈత రాని ఇద్దరు కాలవలో ఒకరి మెడ ఒకరు పట్టుకున్నట్టుంది వాళ్ల పరిస్థితి. ఒడ్డున ఉన్నవాళ్లని పిలవాల్సిందే.

ఫోన్ లాక్కుని, మాటలు ఒక్కసారిగా తెగ్గొడితే? ఆ రాత్రి అతనికేమవుతుందో అన్న భయంతో మీ చెల్లి ఇంకా కుంగిపోతుంది. ఏదైనా జరగరానిది జరిగితే జీవితాంతం తానే కారణమనుకుంటుంది. ఇలాగే సాగనిస్తే నిద్రలేక ఆమె ఆరోగ్యమే చితికిపోతుంది. ఈ రెంటికీ మధ్య, అతని సంగతి అతని ఇంట్లో ఎవరో ఒక పెద్దకి తెలిసేలా చేయడం ఉంది. అది మీ చెల్లి చేయాల్సిన పని కాదు, మీరు చేయాలి. అతనికి ఎవరంటే చనువో చెల్లిని అడగండి. అన్నో, పిన్నో, మేనమామో ఉంటారు. మీరే ఫోన్ చేసి "మీవాడు చాలా దిగులుగా ఉన్నాడని, చనిపోతానంటున్నాడని తెలిసింది, దయచేసి ఒంటరిగా వదలకండి" అని చెప్పండి. ప్రేమ గురించి ఆ ఫోన్లో ఎత్తనక్కర్లేదు. ఎవరూ దొరక్కపోతే, నోరు జారరని నమ్మకమున్న లెక్చరర్ ద్వారా చెప్పించొచ్చు. కాకపోతే కాలేజీలో మాట పొక్కే అవకాశం ఉంది, అందుకే అది రెండో దారి. అతనికి చెల్లి ఒక్క మెసేజ్ పెట్టొచ్చు: "నువ్వంటే ఇష్టం కాబట్టే మా అక్కకి చెప్పాను. నేనొక్కదాన్నే నీకు సాయపడలేను. 14416కి ఫోన్ చెయ్యి." అతనికి కోపం వస్తుంది. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఆమె బాగా ఏడుస్తుంది. ఆ రోజుల్లో మీరు ఆమె దగ్గర ఉండాలి.

ఒట్టు విషయానికొస్తే, ఆమెకి తెలియకుండా తప్పకండి. ముందు ఆమెతోనే అనండి: "నీకు మాటిచ్చాను. నీ ప్రాణం గురించి భయం వేశాక ఆ మాట మొత్తం నిలబెట్టుకోలేను. అమ్మకి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఇద్దరం కలిసి అనుకుందాం." అప్పుడు మీ ముందు కొన్ని దారులుంటాయి.

ఒకటి, అమ్మకి ఆరోగ్యం సంగతి మాత్రం చెప్పడం. నిద్ర, తిండి, నోటు పుస్తకంలోని మాట చెబుతారు, అబ్బాయి మాట ఎత్తరు. వైద్యం మొదలుకావడానికి ఇది చాలు. రేపు అబ్బాయి సంగతి బయటపడితే "నా దగ్గర దాచారు" అని అమ్మ బాధపడుతుంది, ఆ మాట మీరు పడాలి. రెండు, అమ్మకి అంతా చెప్పి నాన్నగారికి ఎప్పుడు చెప్పాలో ఆమెకే వదిలేయడం. ఆయన కోపం ఎప్పుడు వస్తుందో, ఎలా దిగుతుందో మీకంటే ఆమెకి బాగా తెలుసు. కాకపోతే అంత బరువు ఆమె ఒక్కతే మోయగలదా అన్నది మీరు అంచనా వేసుకోవాలి. మూడు, అందరికీ ఒకేసారి చెప్పేయడం. నాన్నగారు చదువు మాన్పిస్తానంటారేమో అన్న మీ భయం నిజమైతే, ఇప్పుడు ఇది చెల్లికి ప్రమాదం. డాక్టరుని కలిశాక, డాక్టరు ఎదురుగా చెబితే ఆయన వినే తీరు వేరుగా ఉండొచ్చు.

అమ్మకి చెప్పకుండా మీరే చెల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని మీకు అనిపించవచ్చు. మొదటిసారి మాట్లాడటం వరకు కుదరొచ్చు. కానీ 18 నిండని పిల్లల వైద్యానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ దారి ఎంతో దూరం పోదు.

గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊళ్లో ఎవరైనా చూస్తారని అమ్మగారు జంకితే విజయవాడ వెళ్లండి. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు సంబంధాలు రావు" అనే మాట తప్పకుండా వస్తుంది. డాక్టరు ఈ వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉందని చెప్పండి. డాక్టరు ముందు రక్తం తక్కువుందా, థైరాయిడ్ సరిగా ఉందా చూపించమనవచ్చు, అవి తేడాగా ఉన్నా ఇలాంటి నీరసం, దిగులు కనిపిస్తాయి. తీవ్రత తక్కువైతే కౌన్సెలింగ్‌తోనే సరిపెడతారు. మందు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ వయసు పిల్లల్లో మొదటి వారాల్లో చిరాకు, చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి దగ్గరుండి కనిపెట్టుకోవాలి, తేడా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఇవి అలవాటైపోయి వదలని మందులు కావు. అయినా బాగుందని మధ్యలో మీ అంతట మీరే ఆపేయకూడదు.

పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి కదా అని అమ్మానాన్నలు అంటారు. సప్లిమెంటరీ రాసుకోవచ్చు, అవసరమైతే ఒక ఏడాది ఆగొచ్చు. చెల్లికి ఆ మాట నాన్నగారి నోటి నుంచి వినబడితే బాగుంటుంది, ఆయన్ని అడగండి.

ఆఫీసులో అడిగి కనీసం రెండు వారాలు ఇంటి నుంచి పనిచేసే వీలు చూసుకుని బయల్దేరండి. అమ్మగారికి ఇవాళే ఫోన్ చేసి పుస్తకాల మూట మీరు వచ్చేదాకా ఆపమని చెప్పండి. చెల్లి నోటు పుస్తకంలో రాసిన మాట కూడా ఆ ఫోన్లోనే చెప్పాల్సి రావచ్చు, అందుకు సిద్ధపడి ఉండండి.